ఊరి పేరు మారిందని మా ఆయనకెవరు చెప్తారు?

ఫిబ్రవరి 8
తొచిసావా గ్రామం

విలీన విచారణల విభాగంలో ఉన్న పెద్దలందరికీ నమస్కారాలు.

మా కొండ మీద మంచు ఇంకా చూరు అందుకునేంత ఉంది. ముందు మీ అందరి క్షేమం తెలియజేయాలి. మేయరుగారు కులాసాగా ఉన్నారా? శరత్కాలంలో మా బడిలో మీటింగు పెట్టినప్పుడు ఆయన మూడుసార్లు దగ్గారు, నేను లెక్కపెట్టాను. మీ విభాగం పెద్దాయన నడుము ఎలా ఉంది? కుర్చీలోంచి లేచేటప్పుడు బల్ల పట్టుకుని లేచారు. కాగితాలు పంచిన కళ్ళద్దాల అమ్మాయి పల్చటి జాకెట్టు వేసుకుని వచ్చింది, జలుబు చేయలేదు కదా? బయట మంచులో కార్లు నిలబెట్టించిన ఆయన చేతికి తొడుగులు లేవు. ఆయన వేళ్ళు బాగున్నాయా? నేను బాగానే ఉన్నాను. అంటే, ఈ ఉత్తరం రాసేనాటికి.

నేను చదివింది నాలుగో తరగతి. మంచు రోజుల్లో బడికి పోలేదు కాబట్టి నిజానికి రెండున్నర. అందుకని మీరు పంపిన నోటీసు చదవడానికి రెండు రోజులు పట్టింది. "ఏప్రిల్ ఒకటి నుంచి తొచిసావా గ్రామం ఉండదు" అన్న చోటికి రాగానే లేచి గిన్నెలన్నీ మూట కట్టేశాను. పక్కింటి ఒతాకె వచ్చి చూసి, "ఊరెక్కడికీ పోదే పిచ్చిదానా, పేరు పోతుంది. మూడు గ్రామాలూ ఒక పట్నమూ కలిసి అకెబోనో నగరం అవుతాయి" అంది. మూట విప్పాను. అకెబోనో అంటే వేకువ. పేరు పెట్టిన వాళ్ళని తప్పు పట్టడం లేదు కానీ, మా వైపు కొండ దాటి ఎండ రావడానికి పది గంటలవుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. "వేరేచోట ఉంటున్న కుటుంబ సభ్యులకు కొత్త చిరునామా మీరే తెలియజేయాలి" అని నోటీసులో ఉంది. మా ఆయన తోకుజిరో ఏడాదంతా ఇక్కడ ఉండడు. ఆగస్టు పదమూడున వస్తాడు, పదహారున వెళ్ళిపోతాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు. ఆయనకి తొచిసావా అన్న పేరే తెలుసు. అది లేకపోతే ఇల్లు ఎలా పట్టుకుంటాడు? ఆయనకెవరు చెప్తారు?

మీకు శ్రమ ఇస్తున్నందుకు సిగ్గుపడుతూ,
హగివారా షిమె

తా.క. ఇది అనవసరమైన ఉత్తరమైతే చెప్పండి. క్షమాపణ చెబుతూ ఇంకో ఉత్తరం రాస్తాను.


ఫిబ్రవరి 15
విలీన విచారణల విభాగం

శ్రీమతి హగివారా షిమె గారికి,

చలి తగ్గుముఖం పట్టే ఈ రోజుల్లో తమరు ఆరోగ్యంగా ఉన్నారని ఆశిస్తున్నాము. తమరి విచారణలకు వరుసగా జవాబులు: మేయరుగారి దగ్గు తగ్గినది. కళ్ళద్దాల ఉద్యోగినికి జలుబు చేసినది, నిన్ననే విధులలో చేరినది. వాహనాల పర్యవేక్షకునికి చేతి తొడుగులు మంజూరైనవి.

కుటుంబ సభ్యుల విషయమై: ఇందుతో అయిదు చిరునామా మార్పు కార్డులు జతచేయడమైనది. ఒకదానిని తమ భర్తగారు ప్రస్తుతం నివసిస్తున్న చోటికి పంపగలరు. తపాలా బిళ్ళ అవసరం లేదు.

భవదీయుడు,
కుబోదెరా
గుమాస్తా

తా.క. తన నడుము గురించి అడిగినందుకు విభాగాధికారి గారు కృతజ్ఞతలు తెలుపమన్నారు. ఆఫీసులో పద్దెనిమిదేళ్ళుగా ఎవరూ అడగలేదట.


ఫిబ్రవరి 24

కుబోదెరా గారికి, షిమె వంగి నమస్కరించి రాస్తున్నది.

నాలాంటిదానికి అంత పెద్ద ఆఫీసు నుంచి జవాబు రావడమే గొప్ప. పైగా కార్డులు అయిదు! మీ మేలు మర్చిపోను. ఒకటి ఒతాకెకి చూపించడానికి పక్కన పెట్టాను. ఒకటి నలుగుతుందేమోనని ఇస్త్రీ చేశాను, కొంచెం మాడింది. మిగతావి భద్రంగా ఉన్నాయి.

ఇబ్బంది ఏమిటంటే నెమొతో అనే మా పోస్టుమాన్ కార్డు తీసుకోవడం లేదు.

"దీన్ని ఎక్కడికి చేర్చమంటారు బామ్మగారూ?" అన్నాడు.

"మా ఆయన ఉన్నచోటికి."

"అక్కడికి మా సంచి పోదండీ."

"కాస్త ప్రయత్నం చెయ్యి నాయనా. బిళ్ళ కూడా అక్కర్లేదట."

"ఎప్పుడో ఒకప్పుడు నేనే పోతాను, అప్పుడు చేత్తో ఇస్తాలెండి. ఇప్పుడే నన్ను తొందరపెట్టకండి" అని సైకిలెక్కేశాడు.

మా ఆయనా పద్ధతిగా చెప్పి వెళ్ళిన మనిషి కాదు. పదకొండేళ్ళ కిందట, ఇదే నెలలో, అన్నం సగం తింటూ తింటూ లేచాడు. "మిగతాది వచ్చి తింటాను, తీసెయ్యకు" అని వెళ్ళాడు. అంతే. ఇప్పుడు వాళ్ళమ్మ దగ్గరున్నాడు. మొదటి భార్య కూడా అక్కడే ఉంది. నాకేం కోపం లేదు, ఆవిడ చాలా మంచిదని ఊరంతా చెప్పుకునేవారు. ఇవాళ కాకపోతే రేపు నేనూ అక్కడికి పోవాల్సినదాన్నే, సర్దుకోవాలి కదా. ఆవిడ కన్నా నేను ఇప్పుడు యాభై ఏళ్ళు పెద్ద, అదొక్కటే కాస్త చిన్నతనంగా ఉంది.

దారి చెప్పండి.
షిమె

తా.క. ఆయన అక్కడ సుఖంగానే ఉన్నాడని గుడి పూజారిగారు అంటున్నారు. నేను నమ్మను. మా అత్తగారి వంట నేను తిన్నాను.


మార్చి 7

షిమె గారికి,

మీ ఉత్తరం మా గదిలో అందరం చదివాం. విభాగాధికారి గారు నడుము నొప్పి కూడా మర్చిపోయి లేచి నిలబడ్డారు.

ఇది విలీనానికి సంబంధించిన విషయం కాదు కాబట్టి నేను రాయకూడదు. అయినా రాస్తున్నాను. పదకొండేళ్ళ కిందట అన్నం ముందు నుంచి లేచిపోయి, తల్లి దగ్గర, మరొక భార్యతో కాపురం ఉంటూ, ఏడాదికి మూడు రోజులు చుట్టపు చూపుగా వచ్చే మనిషికి మీరు చిరునామా చెప్పుకోవాల్సిన పని లేదు. మిమ్మల్ని కూడా అక్కడికే వచ్చి ఉండమనడం అన్యాయం. ఆ వయసు అమ్మాయితో! కుటుంబ సలహాదారు ఇగరాషి గారిని మీ ఇంటికి పంపిస్తున్నాం. ఆమెకి ఈ పనిలో ముప్ఫై ఏళ్ళ అనుభవం. మీరు ధైర్యంగా ఉండండి.

కుబోదెరా

తా.క. పూజారిగారు అలాంటి మనిషిని వెనకేసుకు రావడం మా అందరికీ ఆశ్చర్యంగా ఉంది.


మార్చి 30

కుబోదెరా గారికీ, పెద్దాయనగారికీ, గదిలో అందరికీ షిమె నమస్కారాలు. కళ్ళద్దాల అమ్మాయి జలుబు మళ్ళీ తిరగబెట్టలేదు కదా?

ఇగరాషి గారు వచ్చారు. అంత మంచావిడని పంపినందుకు ఎన్ని దండాలు పెట్టినా చాలదు. వాగు దగ్గర బస్సు దిగి బురదలో నడిచి వచ్చింది పాపం. కాళ్ళు కడుక్కోమన్నాను, టీ పెట్టాను. కూర్చోగానే నా చెయ్యి పట్టుకుంది.

"షిమె గారూ, ఈసారి ఆయన వస్తే గుమ్మం ఎక్కనివ్వకండి. తలుపు గడియ పెట్టుకోండి" అంది.

"అయ్యో, అంత దూరం నుంచి వస్తాడండీ. గడియ పెడితే మాత్రం ఆగుతాడా?" అన్నాను.

"తలుపులు విరగ్గొడతాడా?" అని కంగారుపడింది. "మిమ్మల్ని కొడతాడా?"

"ఛ, ఛ. అసలు చప్పుడే చెయ్యడు. వస్తాడు, ఓ చుక్క సాకె తాగుతాడు, కూర్చుంటాడు."

"మాట్లాడడా?"

"అంతకు ముందూ పెద్ద మాట్లాడేవాడు కాదు. అందుకే నాకు తేడా తెలియడం లేదు."

"ఎంత పొగరు! ఆ మనిషి ఫొటో ఏదైనా ఉందా?" అంది. అదుగో, మీ వెనకే ఉన్నాడు అని చూపించాను. ఆవిడ ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. పూజ అరలో నల్ల చట్రంలో ఆయన, ముందు అగరుబత్తి, పొద్దున పెట్టిన అన్నం గిన్నె. చాలాసేపు అటే చూసింది. "ఎప్పుడు?" అని మెల్లగా అడిగింది. ఇంటికప్పు మీద మంచు తోస్తూ జారిపడ్డాడమ్మా, పదకొండేళ్ళయింది అన్నాను. ఆవిడ అగరుబత్తి వెలిగించి, "ఇందాక పొగరు అన్నందుకు క్షమించండి" అని ఆయనకి చేతులు జోడించింది. పొగరు కొంచెం ఉండేది, అది ఆయనకీ తెలుసు. పక్కగదిలో వింటున్న ఒతాకె నవ్వీ నవ్వీ కట్టుడు పళ్ళు టీలో పడేసుకుంది.

తప్పంతా నాదే బాబూ. ఆగస్టు పదమూడున మా గుమ్మం ముందు మంట వేస్తాను, ఆ వెలుగు చూసుకుని పోయినవాళ్ళు ఇంటికొస్తారు, పదహారున ఇంకో మంట వేసి సాగనంపుతాం అని వేరే చెప్పాలా అనుకున్నాను. పట్నంలో పనులకి పోయినవాళ్ళూ ఆ రోజే కదా ఊళ్ళకి వచ్చేది, అందుకని మీరు అలా అనుకున్నారు. ఆ రోజు మీ బస్సులూ కిక్కిరిసి ఉంటాయి, మా ఆయన లాంటి వాళ్ళ దారీ కిక్కిరిసి ఉంటుంది.

కానీ నా దిగులు అలాగే ఉంది. ఎల్లుండితో ఊరి పేరు పోతుంది.

షిమె

తా.క. ఇగరాషి గారు వెళ్తూ వెళ్తూ, మిగిలిన కార్డుల్లో ఒకటి తీసి ఆయన ఫొటో ముందు పెట్టింది. మాడినది కాదు, మంచిదే పెట్టింది.


ఏప్రిల్ 12

షిమె గారికి,

సిగ్గుతో తల వంచి రాస్తున్నాను. ఇంటి రిజిస్టరు ఒక్కసారి తెరిచి చూసి ఉంటే ఇంత జరిగేది కాదు. తోకుజిరో గారి గురించి నేను రాసిన మాటలన్నిటినీ వెనక్కి తీసుకుంటున్నాను. దయచేసి ఈ ముక్క ఆయన ముందు చదివి వినిపించండి.

మీ దిగులు గురించి పాత సరిహద్దుల పుస్తకాలు తిరగేశాను. తొచిసావా అన్నది కూడా అనాదిగా ఉన్న పేరు కాదు. యాభై ఏళ్ళ కిందట రెండు చిన్న ఊళ్ళని కలిపి ఆ పేరు పెట్టారు. అంతకు ముందు మీ ఇల్లున్నది ఎగువ హినాతా గ్రామంలో. మీ మామగారు యసాకు గారు పోయింది ఆ పేరున్న కాలంలోనే. ఆ తర్వాత ఊరి పేరు మారింది, తాలూకా మారింది, ఇంటి నంబరూ మారింది. ఆయన రావడం మానేశారా?

మానకపోతే, ఇలాంటి కేసు ఇదివరకే ఒకటి సవ్యంగా పరిష్కారమైందన్నమాట.

కుబోదెరా

తా.క. విభాగాధికారి గారూ, కళ్ళద్దాల ఆమె మిమ్మల్ని అడిగినట్టు చెప్పమన్నారు.


ఏప్రిల్ 25
అకెబోనో నగరం (చూశారా, రాశాను)

కుబోదెరా గారికి,

మీరు రాసిన ముక్క ఆయన ముందు రెండుసార్లు చదివాను. మా కోసం ఎవరో ఆఫీసులో కూర్చుని పాత పుస్తకాల దుమ్ము దులిపారంటే, నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. మీకు తుమ్ములు రాలేదు కదా?

మామగారు మానలేదు. ఏటేటా వచ్చారు, ఆయనకి పోసిన సాకె ఏటేటా తగ్గింది. ఆవిరైపోతుందని ఒతాకె అంటుంది, దానికి భక్తి తక్కువ.

కానీ మామగారి సంగతి వేరు. ఆయన పొగమంచులో కూడా కొండ దిగి దుప్పిని కొట్టుకొచ్చే మనిషి. మా ఆయనకి దారులు గుర్తుండవు. పెళ్ళయిన కొత్తలో క్షవరానికని వెళ్ళి పక్క తాలూకాలో తేలాడు. యుద్ధంలో తన దళం ఎటు పోయిందో తెలియక మూడు రోజులు వేరే వైపు నడిచాడట. అందుకే బతికొచ్చాడు, అందుకే నాకు దక్కాడు. అందుచేత ఆ గుణాన్ని నేనెప్పుడూ తిట్టలేదు.

ఇంకో భయం. పక్క ఊరు హిరాబుకి విలీనానికి ఒప్పుకోలేదు కదా. వాళ్ళ బోర్డు ఎప్పట్లాగే ఉంది. ఈయన వచ్చి, మా ఊరి బోర్డు కనపడక, తెలిసిన పేరు ఉంది కదా అని అక్కడ దిగిపోతే? అక్కడ సాకె కొట్టు నడిపే వితంతువు ఒకావిడ ఉంది. తన గుమ్మం ముందు మంట మా మంటకి రెండింతలు వేస్తుంది. ఆవిడని నేనేమీ అనడం లేదు.

ఈయన ఎక్కడికి వెళ్ళొచ్చినా మా బస్టాపు బోర్డు చూసి దిగేవాడు. వచ్చే నెల దాన్ని పీకేసి కొత్త పేరు పెడతారట. ఆగస్టు పదహారో తేదీ దాకా, కావలసింది ఆ నాలుగు రోజులే, ఆ పాత బోర్డు ఉంచమని ఎవరికైనా చెప్పగలరా?

షిమె

తా.క. వీలుకాదంటే బాధపడను. మీరు చదివారు, అదే చాలు. తా.క.కి తా.క. వీలైతే చూడండి.


మే 20

షిమె గారికి,

బస్టాపు బోర్డు మా పరిధిలోకి రాదు. బస్సు వాళ్ళని అడిగితే పాత బోర్డులు పాత సామానులోకి పోతాయన్నారు. మూడుసార్లు వెళ్ళాను. మూడోసారి మీ సంగతంతా చెప్పాను. అక్కడి పెద్దాయన చివరిదాకా విన్నాడు. తర్వాత, "మా అమ్మకీ దారులు గుర్తుండవు" అన్నాడు.

బోర్డు ఇప్పుడు బస్టాపు గుడిసె వెనక గోడకి ఆనించి ఉంది. ఆగస్టు నెలాఖరు దాకా ఎవరూ తియ్యరు. రోడ్డు మీద నుంచి కనపడదు, కొండ వైపు నుంచి కనపడుతుంది. ఆయన వచ్చేది అటు నుంచే అనుకుంటాను.

కుబోదెరా

తా.క. హిరాబుకి వితంతువుగారి మంట విషయంలో మేము జోక్యం చేసుకోలేము.


జూన్ 6

కుబోదెరా గారికి,

వెళ్ళి చూసి వచ్చాను. బోర్డుని తడిగుడ్డతో తుడిచాను. అక్కడే కూర్చుని కాసేపు ఏడ్చాను, మంచి ఏడుపే. నా తల గుడిసె పక్క నుంచి కనపడితే బస్సు డ్రైవరు నాకోసం ఆపి, ఎక్కుతానేమోనని చాలాసేపు ఎదురుచూశాడు. అతనికీ దండం పెట్టాను.

వట్టి మాటలతో ఊరుకుంటే పాపం. మీ విభాగం అందరికీ వెదురు మొలకలూ, ఊరవేసిన ముల్లంగీ పెట్టెలో సర్ది నెమొతో చేత పంపుతున్నాను. పెద్దాయనకి మెత్తటి ముక్కలు విడిగా కట్టాను.

షిమె

తా.క. ముల్లంగి వాసన వస్తుంది. అది చెడిపోయిన వాసన కాదు, దాని వాసనే అది. మేయరుగారి గదికి దూరంగా పెట్టండి.


జూన్ 17

షిమె గారికి,

మీ ఉత్తరం అందింది. పెట్టె ఇంకా అందలేదు, విచారిస్తున్నాను. అయినా దయచేసి మా విభాగానికి ఏమీ పంపకండి. నిబంధనలు ఒప్పుకోవు. మీ ఉత్తరాలు చాలు.

కుబోదెరా


జూలై 10

కుబోదెరా గారికి,

పెట్టె తిరిగొచ్చింది. నెమొతో దాన్ని సైకిలు మీద, ముక్కు ఒక పక్కకి తిప్పుకుని తెచ్చాడు. పైన చీటీ అంటించి ఉంది: "ఈ పేరుతో విభాగం లేదు."

"లేకపోవడమేంటి? మొన్ననే కదా నువ్వే ఉత్తరం తెచ్చిచ్చావు!" అన్నాను.

"బామ్మగారూ, ఆ విభాగం మార్చి ముప్ఫై ఒకటినే ఎత్తేశారండీ. విలీనం అయిపోయింది కదా, ఇంక విచారణలేముంటాయి?"

"మరి పెద్దాయన?"

"రిటైరై ఊరికి పోయాడు."

"మరి కుబోదెరా గారు?"

"ఆయన్ని చెత్త విభాగంలో వేశారు. ఏ రోజు ఏ చెత్త బయట పెట్టాలో కాలెండరు వేసేది ఆయనే. మీ వంటింట్లో తగిలించారే, అది ఆయన చేతిదే."

అరుగు మీద కూర్చున్నాను. నెమొతో అంతా చెప్పాడు. నేను లేని విభాగానికి ఉత్తరాలు రాస్తుంటే, టపా విడదీసే గదిలో ఆవిడ, "ఇది కొండ మీద బామ్మది" అని వాటిని తీసి మీ బల్ల మీద పెడుతోందట. జవాబులు మీరు మీ సొంత కాగితం మీద, మీ భోజనం వేళలో రాస్తున్నారట. పెట్టెకి మాత్రం విభాగం ముద్ర పడాలట, ముద్ర లేదు కాబట్టి తిరిగొచ్చిందట. ముందే ఎందుకు చెప్పలేదని నెమొతోని కోప్పడ్డాను. "చెబితే మీరు రాయడం మానేస్తారని కుబోదెరా గారే వద్దన్నారు" అన్నాడు.

బస్సు వాళ్ళ దగ్గరికి మూడుసార్లు వెళ్ళింది ఆఫీసు అనుకున్నాను. మీరా బాబూ!

ఆ రోజంతా ఏ పనీ చెయ్యలేదు. పొయ్యి ముందు కూర్చుని ఆలోచించాను. మార్చి నెలాఖరు నుంచి మూడు ఉత్తరాలు రాశాను. పైన విభాగం పేరు తప్పు, గది తప్పు, లోపల పెద్దాయన క్షేమం అడిగానే, ఆయనే లేడు. అయినా మూడూ చేరాల్సిన మనిషి చేతికే చేరాయి. దారిలో ఎవరో ఒకరు చూసి, ఇది ఫలానావాళ్ళది అని చేతికందించారు. మా ఆయన మాత్రం ఏం తక్కువ? ఆయనకీ దారిలో ఎవరో ఒకరు ఉంటారు. అటు మామగారున్నారు, పొగమంచులో దిగే మనిషి. మొదటి భార్య ఉంది, మంచిదని చెప్పాను కదా. "ఇటు కాదయ్యా, షిమె ఇల్లు అటు" అని తిప్పి పంపరూ?

ఇంక ఆయన గురించి నాకు దిగులు లేదు. కొంచెం ఉంది. అస్సలు లేకపోతే నాకేదో జబ్బు చేసిందనుకుని ఒతాకె డాక్టర్ని పిలుస్తుంది.

ఇప్పుడు మీ గురించి పట్టుకుంది. చెత్త విభాగంలో వాసన పడుతుందా? అన్నం వేళలో ఉత్తరాలు రాస్తే అన్నం ఎప్పుడు తింటున్నారు? అన్నం సగంలో లేచే మగవాళ్ళంటే నాకు భయం. మీరు మా ఇంటికి రావాలి. పదమూడున వద్దు, ఆ రోజు మీ ఇంటి ముందు మీ వాళ్ళకి మంట వెయ్యాలి. పదహారున వద్దు, ఆ రోజు ఆయన్ని పంపే హడావుడి. మధ్యలో రండి, ఆయన ఇంట్లో ఉండగా. మీ ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టాలని ఉంది. మీరు ఆయన్ని అన్న మాటలు మనసులో పెట్టుకోడు. ఇగరాషి గారినీ, టపా గదిలో ఆవిడనీ కూడా పిలుచుకురండి. తడి చెత్త రోజు కాకుండా కాలెండరు చూసుకునే చెప్తున్నాను, మీకు సెలవు దొరుకుతుంది.

మీ మేలు మోస్తూ,
హగివారా షిమె

తా.క. ఒక్క సంగతి. ఇన్నాళ్ళూ మా ఆయన దారి తప్పకూడదని మీతో మొత్తుకున్నాను కానీ, అత్తగారి గురించి ఒక్క ముక్క అడగలేదు, గమనించారా? పేరు మారితే ఆవిడైనా తప్పిపోతుందేమోనని చిన్న ఆశ ఉండేది. ఇప్పుడు ఆవిడా సరిగ్గా వచ్చేస్తుంది. మీరు వచ్చేసరికి ఆవిడా ఉంటుంది, నా వంట బాగుందని మాత్రం గట్టిగా అనండి, ఆవిడకి వినపడాలి.

రోజు రాయనేలేదు చూశారా. ఆగస్టు పదిహేను, సోమవారం. పదకొండున్నర బస్సు.